నేను చూశాను

నా ఫోన్లో ఒకప్పుడు 43 సెకన్ల వీడియో ఒకటి ఉండేది. డిలీట్ చేసి నాలుగేళ్ళవుతోంది. కానీ అందులో ఏ సెకనులో ఏముందో ఇప్పటికీ చెప్పగలను.

గుంటూరు బైపాస్ మీద, ఓ సాయంత్రం. అప్పుడే వాన వెలిసింది. నేను కాలేజీ నుంచి హాస్టల్‌కి వెళ్తున్నాను. ముందు వెళ్తున్న బైకు జారింది. పక్కనుంచి లారీ ఆగకుండా వెళ్ళిపోయింది. బైకు ఒకచోట, మనిషి ఒకచోట పడున్నారు. నేను బండి ఆపాను. స్టాండేశాను. హెల్మెట్ తీశాను. ఆ తర్వాత నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళి ఫోన్ తీసింది.

నేనొక్కణ్ణే అనుకోకండి. అప్పటికే చుట్టూ పది ఫోన్లు లేచి ఉన్నాయి. ఎవరో 108కి ఫోన్ చేస్తున్నారు, మాటలు వినబడుతున్నాయి. "ఇంకెవరో చేస్తున్నారుగా" అనుకున్నాను. వీడియో ఆపి, హాస్టల్ గ్రూప్‌లో పెట్టి, వెళ్ళిపోయాను. రాత్రి పదింటికి అదే వీడియో ఇంకో గ్రూప్ నుంచి నాకే తిరిగొచ్చింది. పైన ఎవరో రాశారు: "గుండె ధైర్యం ఉన్నవాళ్ళే చూడండి."

మర్నాడు మా కాలేజీ ఎదురుగా ఉండే టిఫిన్ బండి రాలేదు. వారం తర్వాత వచ్చింది. అక్క కళ్ళు వాచి ఉన్నాయి. ప్లేటులో ఇడ్లీ పెడుతూ చెప్పింది: "మా తమ్ముడికి యాక్సిడెంటయింది. ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసేలోపే మా అమ్మకి ఎవరో వీడియో పంపారు. ఆ చొక్కా చూసి వాడేనని గుర్తుపట్టింది. ఆ వీడియో తీసినోళ్ళు ఎవరోగానీ..."

ఆ వాక్యం అక్కడే ఆపేసింది. నేను ఇడ్లీ తిన్నాను. డబ్బులిచ్చాను. బయటికొచ్చి వీడియో డిలీట్ చేశాను. ఎవరికీ చెప్పలేదు.

అతను బతికాడు. కాలు నిలబడింది కానీ నడకలో కుంటు ఉండిపోయింది. డిగ్రీ అయ్యేదాకా రెండేళ్ళు రోజూ పొద్దున్నే ఆ బండి దగ్గర స్టూలు మీద కూచుని నాకు చిల్లర ఇచ్చింది అతనే.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, పోయినేడు లండన్‌లో కొన్ని పాత బొమ్మలు చూశాను. చూశాక ఊరుకోలేకపోయాను.

పక్క గది స్పెయిన్ అబ్బాయి

లండన్‌లో ఎం.ఎస్సీ. చేస్తూ నేనూ ఇంకో నలుగురూ కలిసి ఒక ఇంట్లో అద్దెకున్నాం. పక్క గదిలో స్పెయిన్ అబ్బాయి ఉండేవాడు. ఒక ఆదివారం నేను పప్పుకి పోపు వేస్తుంటే ఆ ఘాటుకి దగ్గుకుంటూ వంటగదిలోకి వచ్చాడు. మాటల్లో యుద్ధం వీడియోల సంగతి వచ్చింది. అప్పట్లో అందరి ఫోన్ల నిండా అవే కదా. "మా దేశంలో ఒకాయన ఇవన్నీ 200 ఏళ్ళ క్రితమే గీసిపెట్టాడు" అని తన ఫోన్ నా చేతికిచ్చాడు.

ఆ ఒకాయన పేరు ఫ్రాన్సిస్కో గోయా. ఆ బొమ్మల పేరు 'యుద్ధ విపత్తులు'. మొత్తం 80. నేను వేలితో జరుపుతూ పోయాను. ఉరి, కత్తి, శవాలు, ఆకలి. రెండు నిమిషాల్లో 80 అయిపోయాయి.

"చూశావా?" అన్నాడు.

"చూశా."

"లేదు. జరిపావు" అన్నాడు నవ్వుతూ. వాడు మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఎక్కడో తగిలింది.

వాడే చెప్పాడు, ఈ బొమ్మల అసలు ప్రింట్లు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయని. అక్కడ ప్రింట్లు, డ్రాయింగుల కోసం ప్రత్యేకంగా ఒక స్టడీ రూమ్ ఉంది. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంటే ఎవరైనా వెళ్ళొచ్చు. ఫీజు లేదు. పెన్ను వాడనివ్వరు, రాసుకోవాలంటే పెన్సిలే. మనం అడిగినవి అట్టపెట్టెల్లో తెచ్చి ఇస్తారు. ఒక్కొక్కటీ మందపాటి అట్టకి అమర్చి ఉంటుంది. దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి ముందు పెట్టుకోవాలి. చూడ్డం అయ్యాక మళ్ళీ రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాలి. అక్కడ వేలితో జరపడం కుదరదు.

అలా మూడు శుక్రవారాలు వెళ్ళాను.

ఆ కాలపు ఫార్వర్డ్

ముందు ఈ ప్రింట్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. నున్నటి రాగి రేకు తీసుకుంటారు. దాని మీద మైనమో వార్నిషో పూత పూస్తారు. ఆ పూత మీద సూదితో బొమ్మ గీస్తారు. గీసినచోట పూత లేచిపోయి రాగి బయటపడుతుంది. ఆ రేకుని యాసిడ్‌లో పెడితే బయటపడ్డ గీతల్ని మాత్రమే యాసిడ్ తినేస్తుంది. పూత కడిగేసి, గాడుల్లో సిరా నింపి, పైన తడి కాగితం వేసి ప్రెస్‌లో గట్టిగా నొక్కితే బొమ్మ కాగితం మీదికి ఎక్కుతుంది. దీన్నే ఎచ్చింగ్ అంటారు. ఒక్క రేకు నుంచి వందల కాపీలు తియ్యొచ్చు.

రంగులద్దిన పెయింటింగ్ రాజుగారి గోడ మీదే ఉంటుంది. ప్రింట్ అలా కాదు. చేతులు మారుతుంది, ఊళ్ళు దాటుతుంది, దుకాణం అద్దానికి అంటించి ఉంటుంది. ఫొటో, టీవీ లేని కాలంలో ఎక్కడో జరిగిన ఘోరాన్ని ఇంకెక్కడో ఉన్నవాళ్ళకి చూపించింది ఇదే. మన ఫార్వర్డ్‌కి ముత్తాత అన్నమాట.

ముత్తాత అని ఊరికే అనలేదు. లండన్ చిత్రకారుడు విలియం హోగార్త్ 1747లో గీసిన ప్రింట్ ఒకటి చూడండి. టైబర్న్ అనే చోట ఒక కుర్రాణ్ణి ఉరితియ్యబోతున్నారు. తన శవపేటికతోపాటే బండిలో ఎక్కించి తీసుకొస్తున్నారు. చూడ్డానికి ఊరంతా కదిలొచ్చింది. తినుబండారాలు అమ్మేవాళ్ళు, తోసుకునేవాళ్ళు, కొట్టుకునేవాళ్ళు, అచ్చం తిరునాళ్ళే. అందరికంటే ముందు, మన కళ్ళెదురుగా ఒకామె చంకలో బిడ్డతో నిలబడి ఒక కాగితం పట్టుకుని అరుస్తోంది. ఏంటా కాగితం? ఉరి తీయబోయే కుర్రాడి 'ఆఖరి మాటలు', అచ్చేసినవి. ఉరికంబం ఇంకా దూరంలోనే ఉంది. వాడింకా బతికే ఉన్నాడు. వాడి ఆఖరి మాటలు మాత్రం అప్పుడే అమ్ముడైపోతున్నాయి.

అది చూసినప్పుడు నవ్వొచ్చింది. ఆ వెంటనే గ్రూప్‌లో వీడియో పెట్టి వెళ్ళిపోయిన నేను గుర్తొచ్చాను. నేను వెళ్ళేటప్పటికి ఆ మనిషి బతికున్నాడో లేదో నాకు తెలియదు. వీడియో మాత్రం అప్పటికే బయల్దేరింది.

ఫోన్ అంత బొమ్మ

మొదటి శుక్రవారం ముందుగా తీసుకున్నది జాక్ కలో ప్రింట్లు. ఈయనది లొరేన్. ఇప్పుడది ఫ్రాన్స్‌లో ఉంది, అప్పట్లో వేరే రాజ్యం. ఐరోపాని 1618 నుంచి 1648 దాకా పీల్చిపిప్పి చేసిన ముప్ఫయ్యేళ్ళ యుద్ధం కాలంలో ఆయన బతికాడు. 1633లో ఫ్రెంచి రాజు సైన్యం ఆయన సొంత ఊరు నాన్సీని పట్టుకుంది. అదే ఏడాది ఆయన 'యుద్ధపు కష్టాలు' అని 18 ప్రింట్ల వరస ఒకటి వెలువడింది.

పెట్టె తెరిచి ఆశ్చర్యపోయాను. ఒక్కో బొమ్మ ఎత్తు 8 సెంటీమీటర్లు, వెడల్పు 19 సెంటీమీటర్లలోపు. ఫోన్‌ని అడ్డంగా తిప్పి పట్టుకుంటే ఎంతో, కాస్త అటూఇటుగా అంతే! ఆ చిన్న జాగాలో వందలమంది మనుషులు. ఒక్కొక్కరూ చీమంత. కానీ ప్రతి చీమకీ ఓ టోపీ, ఓ నడక, ఓ పని. తంత్రీ వాద్యాలు తయారుచేసేవాళ్ళు వాడే గట్టి వార్నిష్‌ని ఆయన రాగి రేకుల మీద వాడాడట. అందుకే అంత సన్నటి గీతలు కుదిరాయి.

ఒక బొమ్మలో సైనికులు రైతు ఇంట్లో పడి దోచుకుంటున్నారు. మొదట చూస్తే ఏదో పెళ్ళింటి హడావిడిలా ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే పొయ్యి దగ్గర ఒక మనిషిని తలకిందులుగా వేలాడదీసి, కింద మంట పెట్టారని తెలుస్తుంది. కలో దాన్ని బొమ్మకి నడిమధ్య పెట్టలేదు, పెద్దది చెయ్యలేదు. వెతుక్కుని చూడాల్సిందే.

అన్నిటికంటే పేరున్నది 'ఉరి'. మైదానం మధ్యలో ఒకే పెద్ద చెట్టు. కొమ్మలకి ఇరవై మంది దాకా మనుషులు వేలాడుతున్నారు, కాయల్లాగా. వీళ్ళు దోచుకున్న సైనికులే, ఇప్పుడు శిక్ష పడింది. నిచ్చెన మీద ఒక పాదిరీ శిలువ పట్టుకుని తర్వాతివాడి కోసం ప్రార్థిస్తున్నాడు. అదే చెట్టు కింద ఇద్దరు డోలు మీద పాచికలేస్తున్నారు.

ఆ పాచికల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పైన ప్రాణం పోతోంది, కింద ఆట నడుస్తోంది. ఉరితీసేవాడి మీద రాని కోపం ఆ ఇద్దరి మీద వచ్చింది. కానీ వాళ్ళు చేసిన తప్పేంటి? ఎవరినీ చంపలేదు. అక్కడ ఉన్నారు, అంతే. నేనూ అక్కడ ఉన్నాను, అంతే.

చూడనివాడు గీసిన ఘోరాలు

అలాగని పాత బొమ్మలన్నీ మంచి మనసుతో వేసినవే అనుకోకండి. ఐరోపాలో బొమ్మలతో ద్వేషం అమ్ముకునే వ్యాపారం కూడా దర్జాగా సాగింది.

బార్తొలోమె డె లాస్ కసాస్ అనే స్పెయిన్ మతగురువు 1552లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. అమెరికా ఖండంలో మనవాళ్ళు స్థానిక ప్రజల్ని ఎలా చంపుతున్నారో చూడండని సొంత రాజుకే మొరపెట్టుకున్న పుస్తకం అది. ఆయన అక్కడ ఏళ్ళ తరబడి ఉండి చూసినవాడు. దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత, 1598లో, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో తెయొడోర్ డి బ్రీ కుటుంబం ఆ పుస్తకానికి 17 బొమ్మలు చేర్చి లాటిన్‌లో అచ్చేసింది. పసిపిల్లల్ని రాళ్ళకేసి కొట్టడం, మనుషుల్ని నిలువునా కాల్చడం... పేజీ తిప్పాలంటే చెయ్యి వణుకుతుంది.

డి బ్రీ ఎప్పుడూ అమెరికా వెళ్ళలేదు. ఆయన ప్రొటెస్టెంటు. సొంత ఊరు లియేజ్‌ని వదిలి రావాల్సి వచ్చినవాడు. స్పెయిన్ అంటే క్యాథలిక్ మహారాజ్యం, శత్రువు. లాస్ కసాస్ "మనం మారాలి" అని రాసిన పుస్తకం, బొమ్మలు చేరాక స్పెయిన్ శత్రువుల చేతుల్లో "వాళ్ళెలాంటివాళ్ళో చూడండి" అని చెప్పే పుస్తకమైపోయింది. జరిగిన ఘోరం నిజమే. కానీ ఆ బొమ్మల్లో చచ్చిపోతున్నవాళ్ళ గురించి ఆ బొమ్మలు కొన్నవాళ్ళలో ఎంతమంది ఆలోచించి ఉంటారు?

మన గ్రూపుల్లో తిరిగే వీడియోలు గుర్తొచ్చాయా? ఎక్కడిదో, ఎప్పటిదో ఒక దెబ్బల వీడియో. పైన "ఇది చూసి కూడా మీ రక్తం మరగకపోతే" అని రెండు లైన్లు. పడినవాడి పేరు ఎవడికీ అక్కర్లేదు. కొట్టినవాడి కులమో మతమో తెలిస్తే చాలు.

నంబరు రాసుకున్న మనిషి

రెండో శుక్రవారం మళ్ళీ హోగార్త్. ఈసారి 1751లో వేసిన 'క్రూరత్వం: నాలుగు దశలు'. ఇందులో హీరో, అంటే విలన్, టామ్ నీరో అనే అనాథ కుర్రాడు.

మొదటి దశలో టామ్ చిన్నపిల్లాడు. వీధిలో ఒక కుక్కని హింసిస్తున్నాడు. చుట్టూ ఉన్న పిల్లలూ అదే పని. రెండు పిల్లుల్ని తోకలు కట్టి వేలాడదీసినవాళ్ళు, పిట్ట కళ్ళు కాల్చేవాళ్ళు. ఒక్క పిల్లాడు మాత్రం ఏడుస్తూ, చేతిలో ఉన్న తినుబండారం టామ్‌కి చూపిస్తూ "ఇది తీసుకో, దాన్ని వదిలెయ్" అని బతిమాలుతున్నాడు. ఇంకో పిల్లాడు గోడ మీద ఉరికంబానికి వేలాడే బొమ్మ గీసి, దానికి టామ్ పేరు పెడుతున్నాడు.

రెండో దశలో టామ్ గుర్రబ్బండి తోలుతున్నాడు. నలుగురు లాయర్లు కిరాయి కలిసొస్తుందని ఒకే బండిలో ఇరుక్కున్నారు. ఆ బరువుకి గుర్రం కూలబడింది, కాలు విరిగింది. టామ్ దాన్ని కొరడా తిరగేసి బాదుతున్నాడు. మూడో దశలో తనని నమ్మిన అమ్మాయిని, కడుపుతో ఉన్న మనిషిని, చంపి పట్టుబడ్డాడు. నాలుగో దశలో టామ్ శవం డాక్టర్ల బల్ల మీద ఉంది. కోస్తున్నారు. కింద ఒక కుక్క అతని గుండెని తింటోంది. ఉరితీసిన హంతకుల శవాల్ని కోయడానికి అప్పగించాలన్న చట్టం ఆ మరుసటి ఏడాదే, 1752లో, ఇంగ్లండులో అమల్లోకి వచ్చింది.

హోగార్త్ ఇవి గొప్పింటి గోడల కోసం వెయ్యలేదు. వీధుల్లో జంతువుల్ని హింసించడం ఆగాలని వేశాడు. ఇంకా చౌకగా దొరకాలని మొదట చెక్క అచ్చులు చేయించబోయాడు. రెండు అయ్యేసరికి ఖర్చు తడిసిమోపెడైంది. అప్పుడు రాగి రేకులకి వచ్చి, ఒక్కోటి ఒక షిల్లింగుకి అమ్మాడు. కూలివాడికి అదీ తక్కువేం కాదు. నాజూకు గీతలు వద్దని, దూరం నుంచి చూసినా అర్థమయ్యేలా మొరటుగా గీశాడు.

నేను చెప్పాలనుకున్నది మాత్రం రెండో బొమ్మలో ఒక మూల ఉన్న మనిషి సంగతి. గుర్రం పడిపోయింది, టామ్ కొడుతున్నాడు. ఆ గందరగోళంలో ఒకాయన పుస్తకం తీసి టామ్ బండి నంబరు రాసుకుంటున్నాడు. ఫిర్యాదు చెయ్యడానికి.

అంతకుముందు నాకు నేను చెప్పుకున్న సమాధానం ఒకటుండేది. "రికార్డు చెయ్యడం తప్పేంటి? సాక్ష్యం కదా!" ఆయన కూడా రికార్డు చేస్తున్నాడు. కానీ ఆయన రాసుకుంటున్నది గుర్రం నొప్పిని కాదు, బండి నంబరుని. ఆ రాత కోర్టుకో అధికారి దగ్గరికో వెళ్తుంది.

నా 43 సెకన్లలో లారీ లేదు. లారీ నంబరు లేదు. అప్పటికది వెళ్ళిపోయింది నిజమే, కానీ నేను ఫోన్ ఎత్తి దాని వైపు తిప్పనైనా లేదు. పడున్న మనిషి ఉన్నాడు, అతని కాలు ఉంది, జూమ్ చేసినప్పుడు అతని మొహం ఉంది. ఆ వీడియో ఏ పోలీసుకీ పనికిరాదు. అది పనికొచ్చింది ఒక్కందుకే, ఆ మొహాన్ని ఒక తల్లికి చూపించడానికి.

'చూడలేం'

మూడో శుక్రవారం గోయా. నేను అడిగింది 1863లో అచ్చయిన ప్రతులు.

నెపోలియన్ సైన్యం 1808లో స్పెయిన్‌ని ఆక్రమించింది. 1814 దాకా యుద్ధం. అప్పటికి గోయాకి అరవై దాటాయి. రాజుగారి ఆస్థాన చిత్రకారుడు. అంతకు పదిహేనేళ్ళ ముందే జబ్బు చేసి చెవులు పూర్తిగా వినిపించకుండా పోయాయి. అంటే ఆ యుద్ధం ఆయనకి శబ్దం లేకుండా జరిగింది. మ్యూట్‌లో పెట్టిన వీడియోలా. 1810 నుంచి పదేళ్ళపాటు ఈ రేకులు గీస్తూ పోయాడు. మంచి రాగి దొరక్క, పాత బొమ్మలున్న రేకుల్ని ముక్కలు చేసి వెనక వైపు కూడా వాడుకున్నాడు.

కొన్ని మాత్రం చెప్తాను.

26వ బొమ్మ. చీకటి గుహలాంటి చోట మనుషులు మోకాళ్ళ మీద పడి వేడుకుంటున్నారు. ఒకడు చేతులు జోడించాడు, ఒకామె మొహం దాచుకుంది. చంపేవాళ్ళు కనబడరు. కుడివైపు అంచు నుంచి తుపాకుల కొసలు మాత్రం లోపలికి పొడుచుకొచ్చాయి. కింద గోయా పెట్టిన మాటకి అర్థం 'ఇది చూడలేం'.

నా వీడియో పైన ఎవడో రాసింది ఇదే కదా అనిపించింది ఒక్క క్షణం. "గుండె ధైర్యం ఉన్నవాళ్ళే చూడండి." రెండూ ఒకలాగే ఉన్నాయి, కానీ ఆ మనిషి రాసింది చూడమని ఊరించడానికి. గోయా రాసింది, చూస్తున్న నన్ను ఆపి నువ్వెక్కడ నిలబడి ఉన్నావో చూసుకో అని. నేను నిలబడింది ఎక్కడ? ఆ తుపాకులు వస్తున్న దిక్కుకి బాగా దగ్గర్లోనే.

28వ బొమ్మ. ఈసారి కొట్టేవాళ్ళు ఫ్రెంచివాళ్ళు కాదు, గోయా సొంత జనమే. నేలమీద ఈడ్చుకొచ్చిన ఒక మనిషిని బాదుతున్నారు. వెనక జనం వరసగా నిలబడి చూస్తున్నారు. దాని పేరు 'అల్లరి మూక'. డి బ్రీ ప్రింట్లలో క్రూరులంతా అవతలి దేశంవాళ్ళే. గోయా మాత్రం తనవాళ్ళని కూడా వదల్లేదు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది ఇక్కడే.

36వ బొమ్మ. చెట్టుకి ఒక మనిషి ఉరేసి ఉన్నాడు. ఎదురుగా ఒక సైనికుడు తాపీగా కూచుని, చేతి మీద తల ఆనించి, ఆ శవాన్ని చూస్తున్నాడు. ఆ కూచున్న తీరు నాకు బాగా తెలుసు. రాత్రి పడుకునేముందు మంచం మీద ఓ పక్కకి ఒరిగి రీల్స్ చూసే తీరు అది.

44వ బొమ్మ. ఊరు వదిలి జనం పారిపోతున్నారు. ఒక తల్లి పిల్లని లాగుతోంది. అందరూ భయంతో ఒకవైపు చూస్తున్నారు. వాళ్ళు చూస్తున్నదేంటో మనకి కనబడదు, అది బొమ్మ బయట ఉండిపోయింది. కింద రాసింది ఇంతే: 'నేను చూశాను'. 45వ దాని కింద: 'ఇది కూడా'.

80 బొమ్మల్లో ఉన్నదంతా ఆయన కళ్ళారా చూసి ఉండడు. కానీ ఆ మాట రాయడానికి ఎంచుకున్న బొమ్మ చూడండి. రక్తం లేదు, శవం లేదు. పరుగెత్తే మనుషుల మొహాలున్నాయి. 'ఇంత భయంకరమైంది చూశాను తెలుసా' అని చెప్పుకునే గొప్ప అందులో ఎక్కడా లేదు.

ఇంకో సంగతి. గోయా ఈ 80 బొమ్మల్నీ బతికుండగా అచ్చేసి అమ్మలేదు. ఫెర్డినాండ్ రాజు తిరిగొచ్చి ఎదురుమాట్లాడేవాళ్ళ నోళ్ళు మూయిస్తున్న కాలం అది. గోయా 1824లో ఫ్రాన్స్ వెళ్ళిపోయి, 1828లో అక్కడే బోర్డోలో చనిపోయాడు. ఆయన పోయిన 35 ఏళ్ళకి, 1863లో, మాడ్రిడ్‌లోని కళా అకాడెమీ వాటిని అచ్చేసింది. పదేళ్ళు కూచుని గీసిన బొమ్మలు అన్నేళ్ళు ఆగాయి. నా వీడియో తియ్యడానికి 43 సెకన్లు, పంపడానికి ఇంకో పది.

సూదితో ఒక మనిషి గాయం గీయాలంటే ఆ గాయం దగ్గర గంటల తరబడి కూచోవాలి. ఎక్కడ చెయ్యి ఆగాలో, ఏది చూపించాలో, ఏది బొమ్మ బయట వదిలెయ్యాలో ఆలోచించుకోవాలి. మనకిప్పుడు ఆ టైము లేదు, నిజమే. కానీ ఆ ప్రశ్నలు అడుక్కోవడానికి పదేళ్ళు అక్కర్లేదు. జేబులోంచి ఫోన్ తీసి కెమెరా ఆన్ చేసేలోపు ఉన్న ఆ మూడు సెకన్లు చాలు.

తెల్లవారుజామున నాలుగింటికి

ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు. లండన్‌లో పదిన్నర. అక్కడ తెల్లవారుజాము నాలుగు. టిఫిన్ బండి అక్క ఆ టైముకి లేచి పిండి చూసుకుంటుందని నాకు తెలుసు. నంబరు ఉంది. ఎప్పుడూ చెయ్యలేదు.

"ఏంటి తమ్ముడూ, లండన్ నుంచా! బాగున్నావా? అన్నం దొరుకుతోందా అక్కడ?"

బాగున్నానని చెప్పాను. అన్నం దొరుకుతోందని చెప్పాను. తమ్ముడెలా ఉన్నాడని అడిగాను. సంబంధాలు చూస్తున్నామంది. ఇంక మాటలు దొరకలేదు. కళ్ళు మూసుకుని చెప్పేశాను.

"అక్కా, ఆ రోజు బైపాస్ మీద వీడియో... అది తీసింది నేనే."

అవతల గ్రైండర్ తిరుగుతున్న చప్పుడు. తర్వాత అదీ ఆగింది.

"తెలుసు తమ్ముడూ" అంది.

నాకు నోట మాట రాలేదు.

"అందులో నీ గొంతుంది కదా. 'అయ్యో, అయ్యో' అన్నావు రెండుసార్లు. రోజూ నా బండి దగ్గర చట్నీ అడిగే గొంతు నాకు తెలీదా? మా అమ్మకి చెప్పలేదు. వాడికీ చెప్పలేదు."

"మరి నన్నెప్పుడూ ఏమీ అనలేదే అక్కా?"

"ఏమంటాను? కుర్రోడివి, భయపడి ఉంటావనుకున్నా. 108కి ఫోన్ చేసింది కూడా నువ్వే అయ్యుంటావులే అనుకున్నా. టైముకి తీసుకురాబట్టి కాలు దక్కిందన్నారు డాక్టర్లు. నువ్వేనా చేసింది?"

అవునని ఒక్క మాట అంటే చాలు. ఎవరూ కనుక్కోలేరు.

"కాదక్కా" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ కట్ అయిందేమోనని చూసుకున్నాను. కాలేదు.

"అదైనా నువ్వే చేశావనుకున్నాను" అంది చివరికి. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "సరేలే, పిండి రుబ్బాలి. జాగ్రత్తగా ఉండు. వేళకి తిను." పెట్టేసింది. కాసేపటికి అటువైపు మళ్ళీ గ్రైండర్ తిరుగుతూ ఉంటుందని ఊహించుకున్నాను.

రెండేళ్ళపాటు ఆవిడ నాకు రోజూ ఇడ్లీ పెట్టింది, ఆ వీడియో నాదేనని తెలిసి కూడా. నేను చెయ్యని ఒక మంచి పనిని నా పేర రాసుకుని, దాని కోసం నన్ను క్షమించి పెట్టింది. ఆ రాత్రి ఆ ఒక్కటీ నేనే కొట్టేయించాను.

ఇంతా చదివి, ఇకనుంచి ఫోన్ తియ్యకూడదా అని మీరు అడగొచ్చు. తియ్యండి. ముందు 108కి చెయ్యండి. తర్వాత లారీ నంబరు తియ్యండి. తీసింది పోలీసులకివ్వండి. పడున్న మనిషి మొహం మాత్రం వదిలెయ్యండి. అది వాళ్ళమ్మకి చెందింది.

'నేను చూశాను' అన్న చిన్న మాటని గోయా ఒక బొమ్మ కింద రాసి ఊరుకున్నాడు. ఆ మాట అనే హక్కు ఆయనకుంది. నేనైతే చూశానో, ఉత్తినే ఫోన్ పట్టుకుని నిలబడ్డానో చెప్పడానికి నాకు ఇంత రాయాల్సి వచ్చింది.